హైమావతి పొట్టకి నేను కాపలా

బెల్టు అనగానే మీ చెయ్యి ప్యాంటు మీదకి పోతుంది. ఆ జాతి వేరు, నా జాతి వేరు. నేను ఒక పొట్ట బెల్టుని. జానెడు పైన వెడల్పు, నాలుగు సాగే పట్టీలు పక్కపక్కన కుట్టిన ఒళ్ళు, ఒక కొసన అంటుకునే గరుకు పళ్ళు. ఒంటి రంగు అని నా డబ్బా మీద రాశారు. ఆ రంగు ఒళ్ళు మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. నన్ను విప్పితే చర్రుమని గోల చేస్తాను. గుట్టుగా కట్టుకోవాల్సిన వస్తువుకి అంత గొంతు ఎందుకు పెట్టారో నన్ను తయారుచేసిన వాళ్ళనే అడగాలి.

తిరుపూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను కుట్టిన అమ్మాయి పక్క మిషను అమ్మాయితో పెళ్ళి కబుర్లు చెబుతూ కుట్టింది. అందుకే నా మూడో కుట్టు కొంచెం వంకర. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపులో, మోకాలి పట్టీలకీ మెడ పట్టీలకీ మధ్య కొన్నాళ్ళు పడుకున్నాను. అక్కడికి వచ్చాడు భీమేశ్వర్రావు.

పేరుకి భీముడు, మనిషి కరెంటు స్తంభం. ఉద్యోగం కూడా కరెంటాఫీసులోనే. "సైజెంతండీ?" అని షాపతను అడిగితే రెండు చేతులూ బారచాపి, మళ్ళీ కొంచెం దగ్గరకి తెచ్చి, ఆలోచించి, ఇంకొంచెం దగ్గరకి తెచ్చాడు. "రెండేళ్ళ కిందట ఇంత. ఇప్పుడు ఇంత. రేపు ఆపరేషనయ్యాక ఎంతో డాక్టరమ్మగారే చెప్పాలండి." కట్టుకునే పద్ధతి చూపిద్దామని షాపతను నన్ను ఆయన నడుముకే చుట్టాడు. ఒక చుట్టు తిరిగి, ఇంకా మిగిలి, రెండో చుట్టుకి బయల్దేరాను. దగ్గు మందు కొనుక్కుంటున్న ఒకావిడ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

ఆయన భార్య హైమావతి. రాజమండ్రిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఒకప్పుడు నూట ఇరవై కిలోలకి దగ్గరగా ఉండేది. ల్యాబు రెండో అంతస్తులో. ఆవిడ మెట్లెక్కి పైకొచ్చేసరికి పిల్లలు పూలు కోసి, రేకులు విడదీసి, బొమ్మలు కూడా గీసేసి కూర్చునేవాళ్ళు. సుగరొచ్చింది, మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడు పంతం పట్టింది. తెల్లవారుజామున గోదావరి గట్టు మీద నడక, జొన్నరొట్టె, పెళ్ళిళ్ళలో పులిహోర వంక చూడకుండా రావడం. రెండేళ్ళలో దాదాపు సగం మనిషి తగ్గింది.

ఒళ్ళు తగ్గింది గాని చర్మానికి ఆ కబురు అందలేదు. ఖాళీ అయిన చర్మం పొట్ట మీద నుంచి తొడల దాకా మడత పడి వేలాడింది. రోజూ పొద్దున్న దుప్పటి అంచుని పరుపు కిందకి తోసినట్టు ఆ మడతని లంగా లోపలికి తోసి, పైన చీర కట్టేది. "ఎంత నాజూకయ్యావే" అని స్టాఫ్ రూములో అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఎండాకాలం వస్తే మడత కింద ఒరుసుకుపోయి పుళ్ళు పడేవి. లోపల మండుతుంటే ముఖం చెదరకుండా ఆకులు ఎండని ఎలా వంట చేసుకుంటాయో పిల్లలకి చెప్పేది. ఇంట్లో బీరువా తలుపు తెరిచి, దాని వెనకాల నిలబడి చీర మార్చుకునేది. భీమేశ్వర్రావు ఆ వైపు చూడకుండా పేపరు చదివేవాడు. ఒక్కోసారి పేపరు తలకిందులుగా ఉండేది.

కాలేజీలో పనిచేసే ఒకావిడ ద్వారా ఈ ఆపరేషన్ సంగతి తెలిసింది. మిగిలిపోయిన చర్మం కోసి తీసేసి, ఉన్నదాన్ని కిందకి లాగి కుట్టి, బొడ్డుకి కొత్తగా చోటు చేయడం. విశాఖపట్నం వెళ్ళి డాక్టరుతో మాట్లాడి వచ్చారు. ఆ రాత్రే ఇద్దరూ కూర్చుని ఒక అబద్ధం కూడా తయారుచేసుకున్నారు. బంధువులకి హెర్నియా అని చెప్పాలి.

ఆ అబద్ధానికి కారణం వరహాలమ్మ. భీమేశ్వర్రావు అక్క, తల్లి పోతే తమ్ముణ్ణి ఎత్తుకు పెంచిన మనిషి, కాకినాడలో ఉంటుంది. ఒకసారి వీళ్ళింట్లో టీవీ చూస్తూ, ముక్కు సరిచేయించుకున్న ఎవరో అమ్మాయిని చూసి, "దేవుడిచ్చిన ఒళ్ళుని అందం కోసం కోయించుకోడానికి ఎంత పొగరుండాలి" అంది. ఆవిడ ఆ మాట అప్పుడే మర్చిపోయింది. హైమావతి మర్చిపోలేదు.

ఆపరేషన్ బల్ల మీదే నన్ను చుట్టారు. తెలివొచ్చాక హైమావతి మొదట తడుముకున్నది నన్నే. డాక్టరమ్మ వచ్చి జాగ్రత్తలు చెప్పింది. నిటారుగా నిలబడకూడదు, వంగి నడవాలి. బరువులు ఎత్తకూడదు. రెండు నెలలు నన్ను విడవకూడదు. తుమ్మకూడదు, దగ్గకూడదు, గట్టిగా నవ్వకూడదు. అప్పుడే నా పని నాకు అర్థమైంది. మనుషులు దుఃఖానికి కాపలా పెట్టుకుంటారని విన్నాను. నన్ను నవ్వుకి కాపలా పెట్టారు.

రాజమండ్రిలో ఇంటికొచ్చాక మొదటి వారం కష్టంగానే గడిచింది. హైమావతి పక్కింటి ముసలమ్మకంటే వంగి నడిచేది. మోకాళ్ళ కింద దిండు లేకుండా పడుకోలేకపోయేది. రెండు సన్నటి గొట్టాలు, వాటి చివర చిన్న డబ్బాలు, పిన్నీసులతో నాకే తగిలించారు. కోడిని కోస్తుంటే కళ్ళు మూసుకునే భీమేశ్వర్రావు, ఆ డబ్బాల్లో చేరిన ఎర్రనీళ్ళని పొద్దున్నా సాయంత్రం ఒంపి కడిగేవాడు. మొహం మాత్రం అటు తిప్పుకునేవాడు.

గొట్టాలు తీసేశాక మొదటిసారి స్నానం. స్నానాల గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి ఆయన నన్ను చర్రుమని విప్పాడు. హైమావతి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఎలా ఉందండీ?"

ఆయన చాలాసేపు చూశాడు. ఆఫీసులో పని తనిఖీకి వెళ్ళినప్పుడు కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు.

"లైను నీటుగా లాగారు హైమా," అన్నాడు. "కొత్త బొడ్డు మాత్రం కాస్త ఎడమకి కొట్టింది. స్తంభం పాతేటప్పుడు సరిగా చూసుకోలేదేమో."

హైమావతికి నవ్వొచ్చింది. నవ్వగానే నొప్పొచ్చింది. రెండు చేతులతో పొట్ట పట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ, "మీకు దణ్ణం పెడతాను, మాట్లాడకండి" అంది. ఆ గొడవలో కళ్ళు తెరుచుకున్నాయి. తుంటి నుంచి తుంటి దాకా ఎర్రటి గీత. దాని పైన చదునుగా, ఎవరిదోలాంటి పొట్ట. అరచెయ్యి ఆనించి చూసుకుంది.

"చేతికి తెలుస్తోంది గాని పొట్టకి తెలియట్లేదండీ. నాది కానట్టుంది."

"అలవాటు పడాలిగా పాపం. కొత్తగా వచ్చింది," అన్నాడాయన, తువ్వాలు అందిస్తూ.

ఆ మర్నాడు వరహాలమ్మ దిగింది. రెండు సంచుల నిండా కందిపొడి, వెల్లుల్లి కారం, ఎండబెట్టిన మునగాకు. "హెర్నియా అంటే మాటలా? నేను చూసుకుంటాను, నువ్వు ఆఫీసుకెళ్ళరా భీముడూ" అని వంటింట్లోకి నడిచింది. పథ్యం వంటతో ప్రమాదం లేదు. ప్రమాదమంతా ఆవిడ నోటితోనే. వరహాలమ్మ ఎవరి గురించి చెప్పినా వాళ్ళలా మారిపోతుంది. తోడికోడలు నడక నడుస్తుంది, పెళ్ళి పురోహితుడి తుమ్ము తుమ్ముతుంది, బస్సులో సీటు కోసం కర్చీఫు విసిరే మనిషిలా సోఫా మీదకి తువ్వాలు విసురుతుంది. హైమావతి దిండు కొరుక్కునేది. "వదినా, చెప్పకండి. కుట్లు లాగుతున్నాయి." "సరే, చెప్పన్లే. చివరిది ఒక్కటి విను." నా పట్టీలు నాలుగూ బిగబట్టుకుని కూర్చునేవి.

ఒక మధ్యాహ్నం ఆవిడ తన వియ్యపురాలు మంగతాయారు మొదటిసారి లిఫ్టు ఎక్కిన కథ ఎత్తుకుంది. లిఫ్టులో చెప్పులు విప్పి దణ్ణం పెట్టే ఘట్టం దగ్గర హైమావతికి పట్టు తప్పింది. ఇల్లెగిరిపోయేలా నవ్వింది. నా కుడిపక్కన వెచ్చగా తడి తగిలింది. ఎరుపు, పసుపు కలిసిన నీళ్ళు చీర దాకా పాకాయి. హైమావతి ముఖం పాలిపోయింది.

భీమేశ్వర్రావు ఆఫీసులో ఉన్నాడు. వరహాలమ్మ ఒక్క ఉదుటున వచ్చి నన్ను విప్పేసింది. హైమావతి వద్దని చెయ్యి అడ్డం పెట్టింది గాని ఆలస్యమైపోయింది. గీత మొత్తం బయటపడింది. ఈ తుంటి నుంచి ఆ తుంటికి. మధ్యలో కొత్త బొడ్డు.

వరహాలమ్మ చూసింది. ఉతికిన పంచె మడతపెట్టి తడి దగ్గర అదిమింది, నన్ను మళ్ళీ కట్టింది, ఆటో పిలిచింది. దగ్గర్లో ఉన్న డాక్టరు చూసి, లోపల పేరిన నీరు దారి చేసుకుని బయటికి వచ్చిందని, భయం లేదని, బెల్టు ఇంకొంచెం బిగించమని చెప్పి పంపాడు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వరహాలమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ అంతసేపు నోరు కట్టేసుకోవడం హైమావతికి పుండుకంటే ఎక్కువ మండింది.

ఇంటికొచ్చాక వరహాలమ్మ నన్ను సబ్బు పెట్టి ఉతికి, పెరట్లో దండెం మీద వేసి, పైన తన చీర కప్పింది. ఎవరి కంటా పడకుండా. నేను ఆరాక తనే తెచ్చి హైమావతికి కట్టింది. ఆ చీర కింద ఆరుతున్నప్పుడే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. హైమావతికి రాలేదు. ఆవిడ ఆ చీర చూడలేదు.

సాయంత్రం కింద వాటాలో ఉండే ఇంటి యజమాని కోటిలింగం గారు పరామర్శకి వచ్చారు. ఈయనకి నిఖార్సైన హెర్నియా ఆపరేషన్ జరిగింది. అప్పట్నుంచి ఆ విషయం మాట్లాడే మనిషి దొరక్క అల్లాడుతున్నారు. కుర్చీ ముందుకు లాక్కుని, "నాది కుడివైపమ్మా. మీది ఏ వైపు?" అన్నారు.

"ఎడమ," అంది హైమావతి.

"కుడి," అన్నాడు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన భీమేశ్వర్రావు.

కోటిలింగం గారు ఇద్దరి మొహాలూ చూశారు. వరహాలమ్మ కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెడుతూ, "రెండు వైపులానండి ఆయ్," అంది. "మా ఇంట్లో ఏదొచ్చినా ఒక్కటి రాదు."

"రెండు వైపులా," అని ఆయన కొత్త గౌరవంతో హైమావతికి నమస్కారం పెట్టి వెళ్ళారు.

తలుపు వేసి వచ్చి వరహాలమ్మ మంచం అంచున కూర్చుంది. "ఇప్పుడు చెప్పండి. నా దగ్గర దాచేంత పనేం చేశారు?"

భీమేశ్వర్రావు గోడకున్న స్విచ్చి బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. హైమావతే చెప్పింది. మడత, పుళ్ళు, బీరువా తలుపు, అన్నీ. వరహాలమ్మ వింటూ వింటూ, "పుళ్ళు పడుతుంటే తప్పదుగా. అది వైద్యమే. దానికి అబద్ధం దేనికి?" అంది.

అక్కడితో సర్దుకోవచ్చు. తమ్ముడు అప్పుడే హమ్మయ్య అనుకున్నాడు కూడా. హైమావతి వదల్లేదు. నా కింద ఆవిడ పొట్ట గట్టిగా బిగిసింది.

"పుళ్ళ కోసం ఒక్కటే కాదు వదినా. అందం కోసం కూడా. అద్దంలో చూసుకోవాలనిపించింది. ఇన్నేళ్ళూ అనిపించలేదు. మీరది పొగరన్నారు."

"నేనెప్పుడన్నాను?"

"టీవీ చూస్తూ."

వరహాలమ్మ గుర్తు చేసుకుంది. గుర్తొచ్చింది. "అని ఉంటాను," అంది. "ఇప్పటికీ నాకు నచ్చలేదనుకో. కానీ నా నోటికి జడిసి, ఒళ్ళంతా కోయించుకుని కూడా నువ్వు అబద్ధమాడుతూ పడుకున్నావు చూడు, అది అస్సలు నచ్చలేదు." లేచి వంటింటి వైపు నడుస్తూ గుమ్మం దగ్గర ఆగింది. "హెర్నియా అనుకుని నీకిన్నాళ్ళూ పథ్యం తిండి పెట్టాను. చెప్పి ఉంటే గుడ్లూ చేపలూ పెట్టేదాన్ని. కుట్లు ఈపాటికి గట్టిపడేవి." ఆ రాత్రి ఇల్లంతా కొరమీను పులుసు వాసన. మూడో కుట్టు దగ్గర నాకూ ఒక చుక్క అంటింది.

నా రెండు నెలలూ పూర్తి కావస్తుండగా కాకినాడలో వరహాలమ్మ కొడుకు కొత్త ఫ్లాట్ గృహప్రవేశం వచ్చింది. హైమావతి ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని, నిటారుగా నడుచుకుంటూ వెళ్ళింది. చీర కింద నేనున్నాను. భోజనాలయ్యాక ఆడవాళ్ళు చుట్టూ చేరారు. లిఫ్టుకి దణ్ణం పెట్టిన మంగతాయారు గారే అందరికంటే ముందు కూర్చుంది.

"హెర్నియా తీయిస్తే ఇంత నాజూకవుతారని నాకెవ్వరూ చెప్పలేదమ్మా," అంది. "మావారిక్కూడా ఉంది గాని ఆయనకెందుకు నాజూకు. నాకు తీయించరా అని మావాణ్ణి అడిగాను. నీకు లేదుగా అమ్మా అంటాడు. లేకపోతే మాత్రం, డబ్బులిస్తే తీయరా?"

ఇంకో ఇద్దరు తలలూపారు. అంటే అబద్ధం రాజమండ్రిలో ఆగలేదు. కాకినాడ వచ్చి, లేని హెర్నియాలు తీయించే దాకా ఎదిగింది. దాన్ని ఊరంతా చెప్పి పెంచిన వరహాలమ్మ సీలింగు వంక చూస్తోంది. చూసి, చూసి, హైమావతి వైపు తిరిగింది. ఈసారి రెండు వైపులా అని అడ్డం పడలేదు. నీ ఇష్టం అన్నట్టు చిన్నగా తలాడించింది.

"నాకు హెర్నియా కాదు పిన్నిగారూ," అంది హైమావతి. "వేలాడే చర్మం కోయించుకున్నాను. బొడ్డు కూడా కొత్తది."

మంగతాయారు గారు గొంతు తగ్గించి, "ఏదీ?" అంది.

లోపలి గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టారు. హైమావతి పైట జరిపి, నన్ను చర్రుమని విప్పింది. ఆ చప్పుడికి ఆవిడ సిగ్గుపడకపోవడం అదే మొదటిసారి. అందరూ వంగి చూశారు. నొప్పా, ఎన్నాళ్ళు, మీ ఆయన ఏమన్నాడు అని ప్రశ్నలు. స్తంభం మాట చెప్పింది. గది గదంతా నవ్వింది, హైమావతి అందరికంటే గట్టిగా నవ్వింది. కుట్లు కదల్లేదు.

నన్ను ఎవరో చేతిలోకి తీసుకున్నారు. "ఒకసారి చూస్తానే" అని నడుముకి చుట్టుకున్నారు. అక్కణ్ణించి ఇంకొకరు. నలుగురు పిల్లల్ని కన్న నడుములు, పూటపూటా వంగి లేచిన నడుములు, ఎవరూ ఎప్పుడూ గట్టిగా పట్టుకోని నడుములు. ఒక్కొక్కరూ అద్దం ముందు పక్కకి తిరిగి, ఊపిరి బిగించి, ఒక్క క్షణం అలాగే నిలబడ్డారు. మూడో పట్టీ దగ్గర నా వంకర కుట్టు ఊడింది. ఎవరూ గమనించలేదు.

బయట ఎవరో తాంబూలాలకి పిలిచారు. హడావిడిగా తలుపు తీశారు. హైమావతి నన్ను వెతకలేదు. కొంగు దులుపుకుని అందరితో పాటు వెళ్ళిపోయింది. ఆ సందడిలో ఒక చెయ్యి నన్ను నాలుగు మడతలు పెట్టి, అరటిపళ్ళ సంచి అడుక్కి తోసింది.

ఇప్పుడు నేను ఒక బీరువాలో ఉంటున్నాను. ఎవరిదని అడక్కండి, చెప్పను. సాగి సాగి నాలో పట్టు తగ్గింది. బిగించినా పొట్ట ఆగదు. అయినా ఇంట్లో ఎవరూ లేని పూట ఆవిడ నన్ను బయటికి తీస్తుంది, చుట్టుకుంటుంది, అద్దం ముందు పక్కకి తిరుగుతుంది. ఇవాళ కూడా తిరిగింది. కొంచెం నవ్వుకుంది కూడా. ఇంతలో వీధి తలుపు చప్పుడైంది. చర్రుమనకుండా విప్పాలని చూసింది గాని నేను ఊరుకుంటానా.

"ఏంటా చప్పుడు?" అన్నారు హాల్లోంచి.

"ఏం లేదండీ, చీర చిరిగింది," అంది ఆవిడ, నన్ను పట్టుచీరల కిందకి తోసేస్తూ.