పన్ను పడని సమాధి రాయి

మా ఆయన ఒడిరిలేకు లోకంలో శత్రువు ఒక్కరే, పన్నుల శాఖ. ఆవు తప్పిపోయినా, కరెంటు పోయినా తప్పు వాళ్లదే. తనకు జీతమిచ్చే మునిసిపాలిటీ మాత్రం ఆ పన్నుల మీదే బతుకుతుంది. ఆ మాట నేనంటే ఆ పూట సంకటి ముట్టడు.

మా అత్తగారు పోయాక సమాధి రాయి కోసం బంధువులంతా తలా కొంత వేసుకుని, పెద్దకొడుకని డబ్బు ఆయన చేతిలో పెట్టారు. అత్తగారి చెల్లెలు మాపులా మేకలమ్మి మరీ ఇచ్చింది. ఆవిడ కోరింది ఒక్కటే.

"పేరూ తేదీలూ అందరి రాళ్ల మీదా ఉంటాయిరా. మా అక్క మొసలి వంశం బిడ్డ. మా వంశాన్ని పొగిడే పద్యం మొత్తం చెక్కించు. ఒక్క ముక్క పోకూడదు."

"నాకొదిలెయ్ పిన్నీ," అన్నాడీయన.

అందరూ డబ్బు బ్యాంకులో వేస్తాడనుకున్నారు. ఈయన ఫోనులోనే ఓ పెట్టుబడి కంపెనీలో పన్ను లేని ఖాతా తెరిచాడు. పెళ్లికెళ్లినా, చావుకెళ్లినా అదే ఊదర.

"లాభం మీద ఒక్క సెంటు కూడా సర్కారుకి పోదు, తెలుసా?"

"మరి ఆ కంపెనీవాళ్లు ఊరికే చేస్తారా?" అన్నాన్నేను.

"ప్లాట్‌ఫామ్ ఫీజుంటుంది. ఎంతనీ, నెలకో కూల్‌డ్రింకు ఖర్చు."

"ఆ కూల్‌డ్రింకు తాగేదెవరు?"

"నీకు అర్థం కాదులే. నువ్వు పోయి నీ చీటీ కట్టుకో."

ఖాతాలో కోటి ఉన్నా, కోడిగుడ్ల డబ్బులున్నా ఆ ఫీజు ఒకటే. దానిమీద సలహాదారు ఫీజు, ఫండు ఫీజు. మాది కోడిగుడ్ల బాపతు.

ఈస్టర్‌కు రాయి నిలబెట్టాలని అందరికీ కబురెళ్లింది. ఈయన డబ్బు వెనక్కి తీశాడు. వేసినదానికంటే తక్కువొచ్చింది. ఫోను ఆపి మళ్లీ పెట్టి చూశాడు. పెరగలేదు.

"బ్యాంకులోనే ఉంచితే పన్నెంత పడేదండీ?" అన్నాను.

ఫోను అద్దాన్ని చొక్కాకేసి తుడవసాగాడు.

"మిమ్మల్నే."

"మన డబ్బుకొచ్చే వడ్డీ ఎంతనీ? దానికి పన్ను పడదు."

"అసలు పడదా?"

"పడదు. అయినా ఇది సిద్ధాంతం విషయం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్న లోటు నేనే పూడ్చుదామంటే నా చీటీ చేతికొచ్చేది డిసెంబరులో. రాళ్ల దుకాణంవాడేమో అక్షరానికింతని లెక్కగడతాడు. సిద్ధాంతానికి అక్షరాలివ్వడు.

ఈస్టర్‌నాడు శ్మశానం నిండా బంధువులే. రాయి మీద కప్పిన దుప్పటిని మాపులా పిన్నే లాగింది. పేరు, రెండు తేదీలు. కింద అద్దంలా నున్నగా ఖాళీ. ఆవిడ అక్కడ అరచేత్తో తడిమింది.

"ఇక్కడుండాల్సిందేదిరా?"

ఈయన గొంతు సవరించుకుని మార్కెట్ల సంగతి, ఫీజుల సంగతి చెప్పుకొచ్చాడు. చివరికి ఛాతీ విరుచుకుని, "కానీ పిన్నీ, పన్ను మాత్రం ఒక్క సెంటు కూడా కట్టలేదు!" అన్నాడు.

నేనొక్కదాన్నే నవ్వాను. అదీ ఏడవలేక.

"సరే. రాయి చెప్పంది కొడుకు చెప్తాడు," అంది పిన్ని. "ఇట్రా. రాయి పక్కన నిలబడు. ఇప్పుడే కాదు, ఏటా ఈస్టర్‌కొచ్చి చెప్పాలి. మొదలుపెట్టు."

ఈయన టోపీ తీశాడు. "లోతు నీళ్లను ఏలినవారి బిడ్డవు... ఒడ్డున నిలబడ్డవారు..." ఆగిపోయాడు. అంతవరకే వచ్చు. మిగతాది రాయి మీద చెక్కించాక చూసి చదువుకోవచ్చని నేర్చుకోలేదు కాబోలు. చెయ్యి మెల్లగా జేబులో ఫోను మీదికి పోయింది. చెమటలు కక్కుతున్న ఆ మొహం చూస్తే నాకు జాలేసింది, అంతలోనే అత్తగారు గుర్తొచ్చి జాలి పోయింది.

పిన్ని చేతులు కట్టుకుని నిలబడింది. వెనక బంధువులంతా మరో అడుగు ముందుకు జరిగారు.

"ఊఁ, కానియ్ నాయనా," అందావిడ. "దీనికి పన్నూ లేదు, ఫీజూ లేదు."