సూదికి ముందు ప్రార్థన

కరుణాకుమారి సిస్టరు వేసే సూదికి ఫిల్మ్ నగర్‌లో ఎవరూ భయపడేవారు కాదు. భయమంతా సూదికి ముందు ఆవిడ చేసే ప్రార్థనకే. బాపట్లలో పుట్టి, నర్సింగ్ చదివి, ఈ సినిమావాళ్ల మధ్య క్లినిక్‌లో తేలిన ఆ మహాతల్లి పేషెంటుని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, దూది తడిపి, సూది పైకెత్తి, కళ్లు మూసుకునేది. ఇక దేవుడికి విన్నపాలు మొదలు. "ప్రభువా, ఇదిగో నీ బిడ్డ వీరభద్రం. రాత్రి తాగి మెట్ల మీద పడ్డాడు. ఇంట్లో మాత్రం అరటితొక్క మీద కాలేశానని చెప్పాడు..." అంటూ కేసు మొత్తం విప్పేది. బయట బెంచీ మీదున్నవాళ్లంతా చెవులు రిక్కించేవారు. దేవుడికి తెలియని సంగతులా అవి? వీధికి తెలియనివి, అంతే!

ఆవిడ కళ్లు మూసుకున్న సందు చూసుకుని ప్యాంటు ఎగదోపుకుంటూ పారిపోయినవాళ్లు కొల్లలు. సినిమాల్లో మేడ మీంచి దూకడమే పనిగా పెట్టుకున్న ఫైటరొకడు ఆ ప్రార్థన సగంలో ఉండగానే గోడ దూకేశాడట. అందుకని షేక్‌పేట నుంచి వచ్చే ఆయా బుచ్చమ్మకి ఒక డ్యూటీ పడింది. సిస్టరు కళ్లు మూయడం, బుచ్చమ్మ తలుపు మూయడం. గడియ పెట్టి, దానికి వీపు ఆనించి, ఆమెన్ అనేదాకా కదిలేది కాదు.

అలాంటి మనిషి పోయి ఏడాది కావస్తోంది. వచ్చే ఆదివారం ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాడు కొడుకు రాజబాబు.

రాజబాబు డబ్బింగ్ ఆర్టిస్టు. తెర మీద ఎవడో పెదాలు కదుపుతుంటే, చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఆ పెదాలకి తన గొంతు అతికించడం అతని బతుకుతెరువు. విలన్ పక్కన నిలబడేవాళ్లకి, ఇన్‌స్పెక్టర్లకి, పెళ్లికూతురి బాబాయిలకి, ఒకసారి మాట్లాడే గేదెకి కూడా చెప్పాడు. ఇన్ని గొంతులున్నవాడికి అమ్మ గొంతు ఒక్కటి దొరకడం లేదు. ముఖం గుర్తుంది, మాటలు గుర్తున్నాయి, తిట్లయితే అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఆ గొంతే రోజురోజుకీ చెవిలో పలచబడిపోతోంది. అదే అతని దిగులు. స్నానాలగదిలో తలుపేసుకుని అమ్మలా మాట్లాడి చూశాడు. ఓసారి మేనత్త వచ్చింది, ఓసారి గేదె వచ్చింది. అమ్మ రాలేదు.

పోనీ ఎక్కడైనా రికార్డు చేసి ఉందా అంటే, అవి సెల్‌ఫోన్లు మాట్లాడుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాని రోజులు. చిన్నప్పుడు ఒకసారి అమ్మ ప్రార్థనని టేపులో పట్టాడు. ఆ క్యాసెట్ మీదే అమ్మ పాస్టరుగారి ప్రసంగం ఎక్కించేసింది. "నా గోల ఎవడిక్కావాల్రా, వాక్యం విను" అంది. ఆ వాక్యం ఇప్పటికీ రెండువైపులా నిక్షేపంలా ఉంది.

దిగులు అదొక్కటే కాదు, అమ్మకి అతని డబ్బింగ్ ఉద్యోగమంటే గిట్టేది కాదు. "ఒకరి నోట్లో ఇంకొకరి మాట పెట్టడం అబద్ధం కాదట్రా?" అనేది. వీధిలో ప్రతి అడ్డగాడిదకీ ప్రార్థన చేసిన తల్లి, డబ్బింగ్‌కి బయల్దేరిన కొడుక్కి మాత్రం అన్నం పెట్టి ఊరుకునేది. ఆ ముల్లు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

కూడికకి పిలవడానికి షేక్‌పేట వెళ్లినప్పుడు ఈ ఏడుపంతా బుచ్చమ్మ దగ్గర వెళ్లబోసుకున్నాడు. ఆవిడ బుగ్గన వేలేసుకుంది.

"గట్లెందుకు ఫికర్ జేస్తవ్ బిడ్డా? మీ అమ్మ సినిమాల ఉన్నది గద!"

"అమ్మా? సినిమాలోనా? సినిమా పోస్టరు కనిపిస్తే తల తిప్పుకునేది కదా బుచ్చమ్మా!"

"నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది. మీ చర్చి సంఘపోళ్లకు తెలిస్తే ఊకుంటరా? మనిషే పోయినంక ఇంక ఒట్టేంది! వెంకటాచలం సారును అడుగు పో."

వెంకటాచలం అప్పట్లో అసిస్టెంట్ డైరెక్టరు. ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లోనే, పని లేక, పాత కథలు వినేవాడు దొరక్క కూర్చున్నాడు. రాజబాబు అడగడమే తడవు, అందుకున్నాడు.

"పదేళ్లయింది బాబూ. మీ అమ్మగారి క్లినిక్‌లోనే షూటింగ్. హీరోకి నర్సు ఇంజెక్షన్ చెయ్యాలి. నర్సు వేషం అమ్మాయి సూది చూసి తనే కళ్లు తిరిగి పడింది. మీరు ఉత్తుత్తిగా వేసేయండి సిస్టరుగారూ అన్నాం. ఉత్తుత్తి సూది నా చేత్తో వెయ్యనన్నారు. తీరా చూస్తే మా హీరోకి నిజంగానే ఒళ్లు కాలిపోతోంది. అయితే వేస్తాను, మీ కెమెరా తిప్పుకుంటే తిప్పుకోండి అని కళ్లు మూసుకున్నారు. డైరెక్టరు కట్ అన్నా వినరే! సినిమా ఆడలేదనుకో. మొదటి ఆటకి మేమూ, మా బంధువులూ, అంతే." అని నవ్వి, ఎక్కడో అడుగున ఉన్న ఆ సినిమా వీసీడీ తీసిచ్చాడు.

రాజబాబు ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. టీవీలో అమ్మ వచ్చింది. అదే తెల్లచీర, అదే ఎత్తిన సూది, మూసిన కళ్లు. పెదాలు కదిలాయి. ఆ నోట్లోంచి ఎవరో పడుచుపిల్ల గొంతు, పాకంలో ముంచి తీసినట్టు, "దేవా, ఈ బాబుని చల్లగా చూడు" అంది. తర్వాత అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి, వినిపించేవి మాత్రం వయొలిన్లే.

రాజబాబుకి ఒళ్లు మండిపోయింది. నా తల్లి నోట్లో ఇంకెవత్తిదో మాట పెడతారా, ఎంత పొగరు వీళ్లకి అని టీవీ మీదికి లేచాడు. లేచాక తట్టింది, అమ్మ ఇన్నేళ్లూ తనని అడిగిన ప్రశ్న అదేనని. నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, సౌండు పూర్తిగా తగ్గించి, టీవీకి దగ్గరగా జరిగాడు. పెదాలు చూసి మాట పట్టుకోవడం ఎవరికి రాకపోయినా అతనికి రావాలి కదా. వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, సాయంత్రానికి మాటలన్నీ పట్టేశాడు. పైకి మాత్రం అని చూడలేదు. మళ్లీ మేనత్త వస్తే తట్టుకోలేడు.

ఆదివారం ఇల్లు నిండిపోయింది. సంఘం పెద్దలు ముందు, ఆవిడ సూది తిన్న లైట్‌బాయిలు, మేకప్‌వాళ్లు వెనక. వీధివాకిలి పక్కన బుచ్చమ్మ. అమ్మ గురించి సాక్ష్యం చెప్పమనగానే రాజబాబు టీవీ పెట్టాడు. పాస్టరుగారు ఉలిక్కిపడ్డారు.

"కూడికలో సినిమా ఏంటయ్యా?"

"సినిమా కాదండీ అయ్యగారూ, ప్రార్థనే. పాపం, సినిమాలో ఇరుక్కుపోయింది."

సౌండు లేదు. తెర మీద అమ్మ కళ్లు మూసుకుంది. రాజబాబు టీవీకి ఎదురుగా వచ్చాడు. మైకు ముందు నిలబడ్డట్టే నిలబడి, అమ్మ పెదాల మీదే చూపు పెట్టి నోరు తెరిచాడు.

"ప్రభువా, ఈ బాబుకి జ్వరం. దీని సంగతి నేను చూసుకుంటా. నువ్వు మా రాజబాబు సంగతి చూడు. నేను తిడుతూనే ఉన్నా, వాడు ఆ మైకు దగ్గరికి వెళ్తూనే ఉన్నాడు. చన్నీళ్లు తాగొద్దంటే వినడు, మఫ్లరు కట్టుకోడు..."

వెనక కిసుక్కుమన్నారెవరో. అది తన మఫ్లరుకో, తన గొంతుకో రాజబాబుకి అర్థం కాలేదు. వచ్చింది అమ్మేనా, మేనత్తా? అడుగుదామంటే తెర మీద పెదాలు ఆగవు. అంతలో వెనక టక్కున చప్పుడైంది.

ఓరకంట చూశాడు. బుచ్చమ్మ లేచి వీధితలుపు మూసింది. గడియ పెట్టి, దానికి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎవ్వరు ఉరకొద్దు," అంది, ఎవరినీ చూడకుండా. "సిస్టరమ్మ ప్రార్థన జేస్తున్నది."

రాజబాబు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అయినా చూపు మళ్లీ అమ్మ పెదాల మీదికి తిప్పుకున్నాడు.

"...ఎలాగూ వెళ్తున్నాడు గనక, ఆ గొంతు చెడకుండా కాపాడు తండ్రీ. వాడు ఎవరి నోట్లో మాట పెట్టినా అది మంచి మాటయ్యేట్టు చూడు. నేను అడిగానని మాత్రం వాడికి చెప్పకు. ఆమెన్."

ఇల్లంతా ఆమెన్ అంది. తెర మీద అమ్మ కళ్లు తెరిచి సూది దించింది. అప్పుడు గానీ బుచ్చమ్మ గడియ తియ్యలేదు.