ఎండ పడే గది

స్ట్రాటిస్ తను తాగిన కాఫీ కప్పు తనే కడిగి బోర్లించిన పొద్దున, ఎవాంథియా గుండె మొదటిసారి కలుక్కుమంది.

అప్పుడామె పడవ వంటగదిలో సార్డీన్ చేపలు శుభ్రం చేస్తోంది. వంటగది అంటే, మనిషి పక్కకి తిరిగితే మోచెయ్యి గోడకి తగిలేంత చోటు. సెలవులకని తెరచాప పడవ అద్దెకు తీసుకుని ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో బయల్దేరింది మొదలు ఆమె ఇంటిపనే చేస్తోంది, కాకపోతే ఊగుతూ చేస్తోంది. చుక్కాని దగ్గర నిలబడి ఫొటోల్లో పడేది అతను. "సముద్రం మీద ఆకలెక్కువే బాబూ!" అని కిందికి కేకేసేదీ అతనే. అలాంటివాడు దిగొచ్చి కప్పు కడిగి, "కాసేపు కూర్చో ఎవా, అలిసిపోయావు" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అలసట అతని కంటపడలేదు. ఒళ్ళు కాలిపోతున్నా బడికెళ్ళి పిల్లలకి భూగోళం పాఠం చెప్పి వచ్చిన సాయంత్రం కూడా, "మొహం అలా వేలాడేసుకుంటావేం, అమ్మ చూస్తే ఏమనుకుంటుంది?" అన్నవాడే. భర్త ఒక మంచిమాట అంటే సంతోషించాల్సింది పోయి ఈ అనుమానమేమిటని తనను తాను తిట్టుకుంది. కానీ ఏం చేస్తుంది, అతని మంచితనం ఆమెకి అలవాటు లేదు.

అంతలో పైనుంచి అతని గొంతు, ఫోన్లో, బాగా తగ్గించి వినిపించింది.

"గదిలో ఎండ పడుతోందా? దుప్పట్లు నీలం రంగువే కొను, తనకి నీలమంటే ఇష్టం. ఊహూ, ఎవాకి ఇంకా చెప్పలేదు. నాఫ్‌ప్లియో చేరాక మెల్లిగా చెప్తా."

కత్తికి వేలు తెగింది. ఆవిడకీ నీలమే ఇష్టమన్నమాట, అనుకుంది ఎవాంథియా రక్తం కడుక్కుంటూ. ఎవరావిడ? ఆఫీసులో మనిషా? చిన్నదా? గది దాకా వచ్చిందంటే ఎన్నాళ్ళనుంచి సాగుతోంది? ఏడుపు రాలేదు. చేపలకి ఉప్పూ నిమ్మరసం పట్టించి, వేయించి, అతని పళ్ళెంలో పెద్దవి వేసింది. చేతులు వాటంతటవే ఆ పని చేసుకుపోవడం చూసి ఆమెకే అసహ్యమేసింది.

నాఫ్‌ప్లియోలో పడవ కట్టగానే స్ట్రాటిస్ తల దువ్వుకున్నాడు.

"రేవు ఆఫీసుకెళ్ళి మంచినీళ్ళ సంగతి చూసొస్తా. నువ్వు ఐస్‌క్రీమ్ తింటూ ఉండు."

నీళ్ళ కుళాయి పడవ పక్కనే, గట్టు మీదే ఉంది. అతను ఊళ్ళోకి నడిచాడు. కాస్త ఎడంగా ఆమె కూడా నడిచింది. కొండ మీదున్న పలమీదీ అనే కోట కింద, మెట్ల సందుల్లో, కాగితంపూల తీగల చాటున, దొంగలా మొగుణ్ణి వెంబడించాల్సి వచ్చినందుకు చెవులు వేడెక్కాయి. ఒక ఇంటి తలుపు అతనికోసం తెరుచుకుంది. లోపల ఆడమనిషి నవ్వు. ఎవాంథియా మెట్లెక్కి నేరుగా లోపలికెళ్ళింది.

ఆ నవ్వు ఆడపడుచు పొలిక్సేనీది.

"అరే, వదినే వచ్చేసింది! అన్నయ్యా, సాయంత్రం కదా తీసుకొస్తానన్నావ్?"

కిటికీ దగ్గర పెద్ద మంచం మీద అత్తగారు అసిమీనా. తుంటి ఎముక విరిగాక పక్క ఊరు ఆర్గోస్‌లో కూతురి దగ్గరుంటున్న మనిషి. ఆవిడ పక్కనే ఒక సన్నటి మంచం, దాని మీద కొత్త నీలం దుప్పటి.

"ఎవరికిది?"

"నీకే!" స్ట్రాటిస్ చేతులు చాపాడు. "పెళ్ళైన కొత్తలో నువ్వే అన్నావుగా, ఈ ఊళ్ళో ఉండిపోతే ఎంత బాగుంటుందో అని. అమ్మకి తోడుంటుంది. నేను ఆదివారాలు వస్తూంటా."

"నా బడి?"

"మీ హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడేశాలే. ఏడాది సెలవు కష్టమేం కాదంది."

"నాకు చిన్నపిల్లలు కదా వదినా," అంది పొలిక్సేనీ గోముగా. "నీకా బాదరబందీ లేదాయె."

వేరే ఆడదే ఉండి ఉంటే ఏడ్చి, అరిచి, జుట్టు పట్టుకుని ఉండేది. ఇక్కడ ఎవరి జుట్టు పట్టుకోవాలి? వీళ్ళు ఎవరికోసం చాటుగా గది చూసి, దుప్పటి రంగు ఎంచి, గొంతు తగ్గించి మాట్లాడుకున్నారో, ఆ ఇంకో ఆడది తనే.

అసిమీనా దిండు మీంచి తలెత్తింది. "కోడలా, నువ్వే కావాలని అడిగావన్నాడు వీడు. బతిమాలావట కదా?"

"నన్నెవరూ అడగనేలేదు అత్తయ్యా."

"నన్నూ అంతే. మా ఊళ్ళో నా ఇంట్లో నేను పడుంటానంటే వినిపించుకుంటేగా." ముసలావిడ కొడుకు వంక చూసింది. "అబద్ధం కూడా నేర్చావురా!"

ఎవాంథియా ఆ సన్నమంచం మీద కూర్చుంది, కాళ్ళు బార్లా చాపి చూసింది, లేచింది.

"ఇది పొట్టిదే స్ట్రాటిస్, నీ కాళ్ళు బయటికొస్తాయి. పొడుగుది తెప్పించుకో. అత్తయ్య లేవాలంటే చంకల కింద పట్టుకుని లేపాలి, చెయ్యి పట్టి లాగకు."

"నేనా? నాకు ఉద్యోగం లేదూ?"

ఆమె వంగి అత్తగారి నుదుటి మీద ముద్దు పెట్టి, సంచి భుజానికి తగిలించుకుంది. ఇంటికెళ్ళే ఏథెన్స్ బస్సులు రేవుకి దగ్గర్లోనే ఆగుతాయి.

"మీ మేనేజరు నంబరు నా దగ్గరుందిలే," అంది గుమ్మం దాటుతూ. "నీ సెలవు సంగతి నేను మాట్లాడతా."