ఎస్తేరు కూర్చున్న కుర్చీ

నేను ఒక ఇనుప కుర్చీని. జైల్లో ఖైదీల చేతుల్లో తయారై, పల్నాటి వైపు ఒక సర్కారు ఆసుపత్రికి వచ్చాను. ఆడవాళ్ళ వార్డులో హెడ్‌నర్సు కుర్చీనయ్యాను. నా మీద కూర్చుంటే అధికారం వస్తుందని మనుషుల నమ్మకం. నాకు మాత్రం తుప్పే వచ్చింది.

మొదట రాజ్యలక్ష్మిగారు ఉండేవారు. పని తెలిసిన మనిషే. కానీ ఎవరు పొరపాటు చేసినా వార్డంతా వినేలా దులిపేసేవారు. దాంతో నర్సులు పొరపాట్లు మానలేదు గానీ, చెప్పడం మానేశారు.

ఆవిడ రిటైరయ్యాక ఎస్తేరు వచ్చింది. మోకాళ్ళ నొప్పుల మనిషి. కూర్చునేటప్పుడల్లా "యేసయ్యా" అని మూలిగేది.

ఆ ఎండాకాలం నర్సులు చాలక, కొత్తగా చేరిన ఝాన్సీ రాత్రి డ్యూటీ దిగీ దిగకుండానే పగటి డ్యూటీ ఎక్కింది. మధ్యాహ్నం ఒకరికివ్వాల్సిన ఇంజెక్షను పక్క మంచం మీది సామ్రాజ్యం అనే ఆవిడకు ఇచ్చేసింది. కాసేపటికి ఆమెకు ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం.

"చెప్పమాకే, ఉద్యోగం పోద్ది," అంది పక్కనున్న పాత నర్సు.

ఝాన్సీ వచ్చి నా ముందు నిలబడింది. "మేడం, సామ్రాజ్యానికి తప్పు మందు ఇచ్చాను."

"ఏ మందు?" ఎస్తేరు అడిగింది అంతే. మందు పేరు వినగానే మోకాళ్ళ నొప్పి మరిచి పరుగెత్తింది. డాక్టరు వచ్చాడు. వెంటనే తెలిసింది కాబట్టి విరుగుడు వెంటనే పడింది. సామ్రాజ్యం ఊపిరి కుదుటపడింది.

ఆమె కొడుకు మీదికొచ్చాడు. "మా అమ్మకేవన్నా అయితే ఎవరిది బాధ్యత?"

"తప్పు మందు పడింది నాయనా. తప్పు మాదే. నువ్వు తిట్టినా పడతా. అమ్మ పక్క నుంచి మాత్రం కదలను," అంది ఎస్తేరు.

తర్వాత ఝాన్సీని తెచ్చి నా మీద కూర్చోబెట్టింది. పిల్ల లేవబోతే భుజం నొక్కింది. "కూర్చోవే. నిద్రలేనిదాన్ని డ్యూటీలో నిలబెట్టింది నేను. కానీ రేపు ఆమెకు నువ్వే చెప్పి, మన్నించమని అడగాల. నేను పక్కనుంటా."

సూపరింటెండెంటు ఝాన్సీని సస్పెండు చేస్తానన్నాడు. "డ్యూటీ వేసింది నేను సార్. రాసేదేదో నా మీద రాయండి," అంది ఎస్తేరు. ఆయన నిజంగానే రాశాడు. ఎస్తేరుకు వేరే ఊరికి బదిలీ అయింది.

వెళ్ళేలోపు నర్సులు ఒక్కొక్కరే ఆమె దగ్గరికొచ్చి, ఇన్నాళ్ళూ దాచుకున్న పొరపాట్లు మెల్లగా చెప్పుకున్నారు. చెప్పమాకే అన్న పాత నర్సు కూడా. ఎస్తేరు అన్నీ వింది. చివరి సాయంత్రం చెప్పులు విప్పి, వాచిన పాదాలు నేలకానించి, నా మీద చాలాసేపు కూర్చుంది.

ఇప్పుడు నేను తుక్కు షెడ్డులో, విరిగిన మంచాల మధ్య ఉన్నాను. నా మీద చాలామంది కూర్చున్నారు. అందరిలోకీ బక్కమనిషి ఎస్తేరే. కానీ ఆమె కూర్చుంటే వార్డంతా నా మీద కూర్చున్నంత బరువుండేది.