పదే పదే మూసుకుపోయిన అకౌంట్

ఆ వారంలో మూడోసారి ఝాన్సీ అకౌంట్ లాక్ అయింది.

బిలాస్‌పూర్ శివార్లలోని ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె లెక్చరర్. శనివారం లోపల ఇంటర్నల్ మార్కులన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. అకౌంట్ తెరిపించుకుని వచ్చి కూర్చుంటే పది నిమిషాలకే మళ్ళీ మూసుకుపోతోంది. తప్పు పాస్‌వర్డ్ ఐదుసార్లు పడితే అలా అవుతుందట. తను కొట్టడం లేదు. మరి కొడుతున్నదెవరు?

మార్కులు మార్చడానికి ఎవరో ప్రయత్నిస్తున్నారనిపించింది. పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేది. స్టాఫ్ రూములో ఎవరు నవ్వినా ఉలిక్కిపడేది. చివరికి అనుమానం కంప్యూటర్ ల్యాబ్ చూసే సింహాచలం మీదికి పోయింది. పోయినవారం ఆమె పాస్‌వర్డ్ మార్చుకున్నప్పుడు పక్కన నిలబడి చూపించింది ఆయనే. రైల్వే కాలనీలో పెరిగిన తెలుగువాడని తనే చనువుగా పిలిచింది.

బుధవారం ప్రిన్సిపాల్ విశ్వనాథం గారికి ఆయన పేరు పెట్టి కంప్లయింట్ రాసిచ్చింది. సాయంత్రానికల్లా సింహాచలం దగ్గర సర్వర్ గది తాళంచెవి తీసేసుకున్నారు.

గురువారం సెలవు పెట్టి దగ్గర్లోనే ఉన్న కోటాలో బంధువుల పెళ్ళికి వెళ్ళింది. అక్కడా కుదురుగా కూర్చోలేకపోయింది. శుక్రవారం వచ్చేసరికి స్టాఫ్ రూము గుమ్మంలో సింహాచలం నిలబడి ఉన్నాడు.

"మేడం, మొన్న సాయంత్రం ఆఫీసువాళ్ళు మీ అకౌంట్ తెరిచి వదిలేరు. నిన్నంతా ఒక్క తప్పు పాస్‌వర్డ్ కూడా పడలేదు. ప్రిన్సిపాల్ గారి ఎదురుగానే లిస్టు తీయించేను. ఇవాళ మీరు గేటు దాటేరు, మళ్ళీ లాకైపోయింది."

"అంటే నాకు నేనే చేసుకుంటున్నానా?" ఝాన్సీ గొంతు పెరిగింది. అందరూ తలలెత్తి చూశారు.

"మీరు కాదు. మీ ఫోన్లో వైర్‌లెస్ ఉందా?"

ఉంది. కొత్తగా కొన్న ఫోను. ఎప్పుడో ఒకసారి మెయిల్ చూసుకుందామని ఇదే అకౌంట్‌తో కాలేజీ వైర్‌లెస్‌కి కలిపి, ఆ సంగతే మరిచిపోయింది. పాత పాస్‌వర్డ్ అందులో అలాగే ఉండిపోయింది. ఆమె ఆవరణలోకి రాగానే బ్యాగులో ఉన్న ఫోను దాన్నే పదే పదే పంపుతోంది.

సింహాచలం సెట్టింగుల్లోకి వెళ్ళి సేవ్ అయి ఉన్న పాత కనెక్షన్ తీసేశాడు. అకౌంట్ మళ్ళీ తెరిపించి ఫోను ఆమె చేతికిచ్చాడు.

"కొత్తది మీరే కొట్టండి." అంటూనే గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి కలిసింది. గంట గడిచినా అకౌంట్ మూసుకుపోలేదు. ఆమె మాత్రం ఒక్క మార్కు కూడా ఎక్కించలేకపోయింది. లేచి ల్యాబ్‌కి వెళ్ళింది.

"సింహాచలం గారూ, తప్పు నాది. అందరి ముందూ చెబుతాను."

ఆయన చేస్తున్న పని ఆపలేదు. "నోటితో చెప్తే ఏటి లాభం మేడం? నా మీద కాగితం రాసేరు. ఆరేళ్ళ నుంచి నా దగ్గరున్న తాళంచెవి అందరూ చూస్తుండగా అడిగేరు. ఇదీ కాగితమ్మీదే రాయండి."

అక్కడే ఓ స్టూలు లాక్కుని కూర్చుంది. రెండు కాగితాలు చింపేసింది. మూడోదానిలో, విచారించకుండా ఆయన్ని అనుమానించాననీ, ఫోన్లోని పాత పాస్‌వర్డే కారణమనీ, తాళంచెవి తిరిగి ఇవ్వమనీ రాసి సంతకం పెట్టింది.

సింహాచలం రెండుసార్లు చదువుకున్నాడు.

"అచ్ఛా. పదండి, ఇద్దరం వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి ఇద్దాం" అన్నాడు.