అత్తగారి ఎక్కిళ్ళు

పొద్దున్నే కోడలు కింద ల్యాబులోకి దిగి, కుర్చీ మీద పేరుకున్న తెల్లటి దుమ్ము దులిపి, కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొడుతుంది. పైన వంటింట్లో అత్తగారికి ఎక్కిలి వస్తుంది. ఒక్కటే. పై వరస కట్టుడు పళ్ళు టక్కుమంటాయి. "తెరిచింది," అనుకుని ఆవిడ పాలు పొయ్యి మీద పెడుతుంది.

ఆ పళ్ళు కోడలు చేసినవే. కింద జరిగే పని అదే. పళ్ళ డాక్టర్లు నోళ్ళ కొలతలు పంపుతారు. కోడలు వాటిని కంప్యూటర్లో సరిచేస్తే, పక్క గదిలో మిషన్ తెల్లటి దిమ్మలోంచి పన్ను చెక్కుతుంది. సానపట్టే ఆవిడ దానికి నునుపూ రంగూ తెస్తుంది. ఇన్ని నోళ్ళు తన చేతిలో ఉన్నా ఇంట్లో ఒక్క నోరూ తన మాట వినదని కోడలి మంట.

పాస్‌వర్డ్ అత్తగారి పేరు. ల్యాబు పెట్టిన రోజు కంప్యూటర్ మెకానిక్ "ఎవరూ ఊహించలేనిది ఒకటి చెప్పండి సార్" అంటే, కొడుకు బుర్ర గోక్కుని, "మా అమ్మ పేరు పెట్టెయ్. అదెవడికీ తెలీదు" అన్నాడు. నిజమే మరి. పెళ్ళయిన నాటినుంచి ఆవిడ ఒసే, అమ్మా, వదినా, అత్తయ్యా, పక్కింటి పిన్నిగారూను. కట్టుకున్నవాడు పోయేదాకా ఒక్కసారి నోరారా పిలిచిన పాపాన పోలేదు. ఒక మనిషిని అంత భద్రంగా దాచిపెట్టుకున్న ఇంట్లో ఇంకో రహస్యం వెతుక్కునే ఖర్మ ఏమిటి?

మొదటిసారి పాస్‌వర్డ్ కొట్టినప్పుడే ఆవిడకి ఎక్కిలి వచ్చింది. గుండె మీద చెయ్యేసుకుని, "ఎవరో నన్ను తలుచుకున్నారర్రా" అంది. మొహం ఇంత చేసుకుని. అప్పటినుంచీ అంతే. అందులో వింతేముందని ఎవరూ అడగలేదు. "పిన్నిగారికి ఎక్కిలొచ్చింది, ఇంక పని చూడండి," అని సానపట్టే ఆవిడ కొంగు బిగిస్తుంది. ఫైలు తెరిచారా అని ఫోన్ చేసిన డాక్టరు, వెనక ఎక్కిలి వినబడితే "సరే, సరే" అని పెట్టేస్తాడు.

ఆ పేరే మెయిల్‌కి. ఆ పేరే గుమ్మం మీది కెమెరాకి. అత్తగారికి తేడా తెలుసు. గొంతులోంచి వస్తే కంప్యూటరు. పొట్టలోంచి తన్నుకొస్తే మెయిలు. ముక్కుకెక్కితే కెమెరా.

కోడలికి ఇదే నచ్చదు. రాత్రీ పగలూ దొరికిందల్లా చదివే మనిషి. "అన్ని తలుపులకీ ఒకటే తాళంచెవి ఏమిటండీ? ఒకటి పోతే ఇల్లంతా పోయినట్టేగా? తలుపుకో మాట పెడదాం. ఫోనుకి అంకె వచ్చే ఏర్పాటు చేద్దాం. అది కొడితేగానీ తెరుచుకోదు."

"మన పళ్ళెవడు ఎత్తుకెళ్తాడే? పెద్ద బ్యాంకు మనది!" అనేవాడు మొగుడు.

"పళ్ళు కాదు, కొలతలు. అవి పోతే మళ్ళీ ప్రతి నోరూ తెరిపించి అచ్చు తియ్యాలి. ఏ డాక్టరు మళ్ళీ మన గుమ్మం తొక్కుతాడు? ఈ ల్యాబు నా రెక్కలండీ. మీకేం, మీరు బోర్డు మీద పేరు."

అత్తగారు మాత్రం మూతి ముడిచేది. "నా పేరు తీసేస్తావా అమ్మాయ్? ఏం అడ్డమొచ్చింది నీకు?" ఆ పూటకి అన్నం మానేసేది. కోడలు పళ్ళు నూరుకుని ఊరుకునేది. ఊరుకోనిది ఒక్కటే. వారం వారం ఫైళ్ళన్నీ ఒక చిన్న డిస్కులోకి కాపీ చేసి, వైరు పీకేసి, బీరువాలో చీరల కింద పెట్టేది. అందులో సినిమాలు వేసుకుంటానని మొగుడడిగితే, "నా శవం మీంచి నడిచెళ్ళి వేసుకోండి" అంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కింద మిషన్ ఒక్కటే ఏదో దవడపన్ను చెక్కుతూ గురగురలాడుతోంది. అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకోబోయింది. ఎక్కిలి వచ్చింది.

ముగ్గురూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. మూడు చేతులూ ఎంగిలివే.

"పొట్టలోంచి," అంది అత్తగారు. "మెయిలు."

వెంటనే ముక్కుకెక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కెమెరా. ఎవర్రా అది?"

కోడలు మొగుడివైపు తిరిగింది. "ఎవరికి చెప్పారు?"

"నేనా? ఎవరికీ... అంటే, శుక్రవారం మిషను కంపెనీ వాళ్ళ నుంచి ఏదో వచ్చింది. ఆ రోజే మళ్ళీ నమోదు కాకపోతే మిషను ఆగిపోతుందని. అచ్చం వాళ్ళ బొమ్మే ఉంది. పాస్‌వర్డ్ అడిగితే కొట్టాను."

"ఆ కంపెనీవాడి నంబరు గోడ మీద ఉంది. ఒక్క ఫోను కొట్టి అడగడానికి చేతులు పడిపోయాయా?"

"తొందరలో..."

ఈసారి గొంతులోంచి. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. ఆ దొంగవెధవ ఆ పేరు పట్టుకుని కనబడ్డ తలుపునల్లా గుద్దుతున్నాడు. అత్తగారి పై పళ్ళు ఊడి కంచంలో పడ్డాయి. ఊపిరి అందడంలేదు. పెదాలు నీలం తిరిగాయి.

కోడలు ఎంగిలి చేత్తోనే మెట్లు దిగి, ఇంటర్నెట్ డబ్బా వైరు గోడలోంచి పీకిపారేసింది. పైకొచ్చేసరికి గొంతువి ఆగాయి, ముక్కువీ ఆగాయి. పొట్టవి ఆగలేదు. మెయిలు ఇంట్లో ఉండేది కాదుగా. డాక్టర్లందరి ఉత్తరాలూ అందులోనే.

మెయిలు పాస్‌వర్డ్ మార్చడానికి ఫోను తీసింది. అది కొత్త పాస్‌వర్డ్ అడిగింది.

"నా పుట్టినరోజు పెట్టు," అన్నాడు మొగుడు, తల్లి వీపు నిమురుతూ.

"అది ఊరందరికీ తెలుసు. ఏటా కేకు కోసి మీరే ఫొటోలు పంచుతారు."

అత్తగారు కోడలి మణికట్టు పట్టుకుంది. బోసినోటితో, ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్య, "తియ్యకే. అదీ తీసేస్తే... నేనెక్కడుంటాను?"

ఫోనులో గడువు కరిగిపోతోంది. చెయ్యి విదిలించుకోవడం ఎంతసేపు? కోడలు విదిలించుకోలేదు. ఆ మొహంలోకి చూసి, పేరు పెట్టి పిలిచింది. గొంతెత్తి, వీధిలోకి వినబడేలా. చివర గారు కూడా తగిలించలేదు.

కొడుకు నోరు తెరిచాడు.

ఎక్కిలి సగంలో ఆగింది. "ఆఁ?" అంది అత్తగారు.

కోడలు మళ్ళీ పిలిచింది. "ఆఁ, ఏమిటే?" అంది. కోడలు పిలుస్తూనే ఉంది, ఆవిడ పలుకుతూనే ఉంది, మణికట్టు మీద పట్టు సడలింది. కోడలు రెండో చేత్తో ఒకదానికొకటి సంబంధంలేని నాలుగు మాటలు గుచ్చి మెయిలుకి పెట్టింది. తర్వాత కిందికి దిగి కెమెరాకి వేరే నాలుగు, కంప్యూటరుకి ఇంకో నాలుగు పెట్టింది.

మర్నాడు మెకానిక్ వచ్చి చూసి, ఆ దొంగ కొన్ని ఫైళ్ళకి తాళం వేసిపోయాడన్నాడు. చీరల కింది డిస్కు బయటికొచ్చింది. కంప్యూటరు శుభ్రంగా తుడిచి కొలతలన్నీ మళ్ళీ పోశారు. "మా పేరుతో ఏ ఉత్తరం వచ్చినా తెరవొద్దు," అని కోడలు డాక్టర్లందరికీ స్వయంగా ఫోన్ చేసి చెప్పింది. మొగుడు పక్కనే నిలబడి తల ఊపాడు. అది కూడా చెయ్యకపోతే ఎలా?

ల్యాబు నిలిచింది. ఇంట్లోనే ఏదీ నిలవలేదు. అత్తగారికి ఎక్కిళ్ళు లేవు. దాహం లేకుండా నీళ్ళు తాగుతుంది. గొంతు తడుముకుంటుంది. ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి గుమ్మంలోకి తిరుగుతుంది. అంకె వచ్చే ఫోను కోడలు ఆవిడ చేతిలోనే పెట్టింది. "మీరు చదివి చెప్తేగానీ కంప్యూటర్ తెరుచుకోదు. ఎవరు ఫోన్ చేసి అడిగినా చెప్పకండి, మీ అబ్బాయైనా సరే. ఎదురుగా వచ్చి అడగమనండి." చెప్పినట్టే చేసింది. అయినా తిరగడం మానలేదు. కింద కోడలికీ చెయ్యి ఆడదు. పాస్‌వర్డ్ కొట్టి, పైనుంచి రాని చప్పుడు కోసం చెవులు రిక్కిస్తుంది.

చివరికి ఓ పొద్దున్న విసుగెత్తి, బోర్డులు రాసే అతన్ని పిలిపించింది.

"ఉన్న పేరు చెరిపేసి ఇది రాయి," అని అత్తగారి పేరు రాసిన కాయితం చేతికిచ్చింది.

"అది నా పేరే!" అన్నాడు మొగుడు.

"తెలుసు. మీది పాస్‌వర్డ్‌గా పెట్టుకోమంటారా?"

మొగుడు లోపలికెళ్ళిపోయాడు.

అత్తగారు మెట్టు మీద కూర్చుంది, ఒళ్ళో ఫోను, చేతిలో నీళ్ళ గ్లాసు. రాసే అతను నిచ్చెనెక్కి మొదటి అక్షరం దిద్దాడు. ఆవిడ గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆగింది. ఏమీ రాలేదు. రెండో అక్షరం. ఊపిరి బిగబట్టింది. ఏమీ రాలేదు. వీధిన పోయేవాళ్ళు తలెత్తి చదువుకుంటూ పోతున్నారు.

పని సగంలో అతను కిందికి చూశాడు. రాస్తున్నది ఎవరి పేరో అడిగి తెలుసుకునే ఓపిక లేదేమో, అక్కడున్నది ఒక్క మనిషే కాబట్టి ఆవిడదే అనుకున్నాడు. ఆ పేరే పెట్టి, చివర గారు తగిలించి, "ఆ ఎర్రరంగు డబ్బా కాస్త అందిస్తారా?" అన్నాడు.

"ఆఁ, వస్తున్నా నాయనా," అంది అత్తగారు. గ్లాసు మెట్టు మీద పెట్టేసి లేచింది.