తడిబట్టల సందు

గోడకు చెయ్యి ఆనించి వీధులాయన సందులోకి దిగాడు. మంచులో సముద్రం కనబడడం లేదు, వినబడుతోంది అంతే. ఊళ్లో పాత వీధుల పేర్లు అడిగి తెలుసుకుని పటంలోకి ఎక్కించడం ఆయన పని. ఊళ్లో వీధులన్నిటి పేర్లూ పోగుచేసేవాడి సొంత పేరు ఎవరికీ గుర్తులేదు. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఆ సందులో మిగిలింది ఒక్క ఇల్లే. తక్కినవి కెరటాలు మెల్లమెల్లగా తీసుకుపోయాయి. అవ్వ దుప్పట్లు ఆరేస్తోంది.

"అవ్వా, ఈ సందునేమంటారు?"

"ఎన్నిసార్లు అడుగుతావురా? తడిబట్టల సందు. నువ్వు పుట్టిందీ ఇక్కడేగా, నీ మొహం!"

"నా మాట చెల్లదే అవ్వా."

వీధిలో పుట్టినవాళ్లు ఇద్దరు చెప్తేనే పేరు ఖాయం. రాసుకునే ఉద్యోగి మాట లెక్కలోకి రాదు. జనం తమ తాతల పేర్లు ఇరికిస్తున్నారని ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది ఆయనే. రెండో సాక్షిగా అనుకున్న పడవలు బాగుచేసే తాత మొన్న వానల్లో కన్నుమూశాడు. ఈ సాయంత్రమే పటం అచ్చుకు పోతుంది. పేరు ఖాయం కాని సందును ఇసుకలో కలిపేసి గీస్తారు.

ఆయన దుప్పట్ల కిందుగా నడిచాడు. తడి అంచులు మొహానికీ మెడకూ తగిలాయి. చిన్నప్పుడు అమ్మ ఏ దుప్పటి వెనక ఉందో పాదాలు చూసి పోల్చుకునేవాడు. ఇప్పుడూ వంగి చూశాడు. అవ్వ పాదాలు తప్ప ఏమీ లేవు. ఈ వయసులో అమ్మ మీద ఇంత బెంగ పుట్టుకొస్తుందని ఆయన అనుకోలేదు.

ఆఫీసులో పటాలు గీసే అమ్మాయి తలెత్తింది.

"రెండో మనిషి దొరికాడా బాబాయ్?"

"దొరికాడు." మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను పని మానేశానమ్మా. ఇక రాసుకో."

"ఒక్క సందు కోసమా! రేపట్నించి ఏం చేస్తావు?"

"అవ్వకు బట్టలు పిండిపెడతా."

ఆ అమ్మాయి నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేసింది. కుర్చీ చూపించి, కలం తీసింది.

"మీరు పుట్టిన సందును ఏమంటారండీ?"

ఇన్నేళ్లలో ఆయన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

"తడిబట్టల సందు."

"మీ పేరు?"

ఆయన కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. మెల్లగా చెప్పాడు. చెప్పి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, సముద్రం వైపు వెళ్లిపోయాడు.

బల్ల మీద కార్డు తాడు ఇంకా తడిగానే ఉంది.